షిప్‌యార్డు గేటు దగ్గర విభజన: బెల్‌ఫాస్ట్ సాహిత్యం – ఒక పరిశీలన

ఉత్తర ఐర్లండ్ రాజధాని బెల్‌ఫాస్ట్ ప్రస్తావన తెలుగులో ఎప్పుడు వచ్చినా దాని వెంట ‘మతకలహాలు’ అనే మాట కూడా వస్తుంది. కేథలిక్కులు, ప్రొటెస్టెంట్లు అనే రెండు క్రైస్తవ వర్గాలు, వారి మధ్య దశాబ్దాల హింస, ఆ మధ్యలో గోడలు. స్థూలంగా మనకు తెలిసిన బెల్‌ఫాస్ట్ ఇదే. ఆ మాట అబద్ధం కాదు. అయితే ఆ ఒక్క మాటనే పట్టుకుని ఆ నగర సాహిత్యంలోకి వెళ్లిన పాఠకుడికి ఆశ్చర్యమే ఎదురవుతుంది. దేవుని గురించి, ఆరాధన గురించి, సిద్ధాంత భేదాల గురించి ఆ రచనల్లో జరిగే చర్చ చాలా తక్కువ. వాటి నిండా ఉండేవి గేట్లు, షిఫ్టులు, నట్లు, బోల్టులు, వీధుల పేర్లు, మనుషుల పేర్లు.

శామ్ థాంప్సన్ నాటకం ‘ఓవర్ ది బ్రిడ్జ్’, కీరన్ కార్సన్ కవిత్వం, ఆనా బర్న్స్ నవల ‘మిల్క్‌మన్’ అనే మూడింటిని ఈ వ్యాసంలో పరిశీలిస్తున్నాను. ఈ మూడింటినీ ఘర్షణ సాహిత్యమనే పేరు కింద చేర్చి చదవడం పరిపాటి. నా ప్రతిపాదన వేరు. బెల్‌ఫాస్ట్‌లో విభజన ప్రార్థనామందిరంలో పుట్టి పనిచోటికి వచ్చి చేరినది కాదు. ఎవరికి పని దక్కాలి, ఎవరికి దక్కకూడదు అనే నిర్ణయంలోనే అది ఏటేటా బలపడింది. ఈ సంగతిని చరిత్రకారులు లెక్కలతో చెబితే రచయితలు వస్తువులతో చెప్పారు. ఓడకు బిగించే రివెట్టు ఆయుధంగా, ఆయుధం విరామచిహ్నంగా, కారు విడిభాగం వర్గచిహ్నంగా మారిన క్రమాన్ని ఈ రచనల్లో చూడవచ్చు.

బురదతో ఏర్పడిన దీవి

బెల్‌ఫాస్ట్ అనే పేరు ఐరిష్ భాష నుంచి వచ్చింది. ఇసుకమేట దగ్గరి నదీముఖం అని స్థూలార్థం. ఫార్సెట్ అనే చిన్న ఏరు లాగన్ నదిలో కలిసే చోట ఈ ఊరు వెలిసింది. ఆ ఏరు ఇప్పుడు నగరం నడిబొడ్డున హై స్ట్రీట్ కింద, కంటికి కనబడకుండా ప్రవహిస్తోంది. ఇంగ్లండు, స్కాట్లండుల నుంచి ప్రొటెస్టెంట్లను తెచ్చి ఐర్లండు ఉత్తర భాగాన స్థిరపరచిన కాలంలో, 1613లో, మొదటి జేమ్స్ రాజు సనదుతో ఇది పట్టణమైంది. 1801 ప్రాంతంలో ఇక్కడి జనాభా సుమారు 20 వేలు. 1901 నాటికి దాదాపు మూడున్నర లక్షలు. నగర హోదా దక్కింది 1888లో. ఈ పెరుగుదలకు కారణాలు రెండు: అవిసె నార నుంచి తీసే లినెన్ బట్ట, ఇనుప ఓడ.

ఓడల కథ బురదతో మొదలవుతుంది. లాగన్ నది వంపులు తిరుగుతూ, లోతు లేక, పెద్ద ఓడలకు పనికివచ్చేది కాదు. 1840లలో విలియం డార్గన్ అనే కాంట్రాక్టరు దానికి తిన్నని కాలువ తవ్వించాడు. తవ్వి తీసిన బురద పోగుపడి దీవి అయింది. 1849లో విక్టోరియా రాణి వచ్చి వెళ్లిన తరువాత దానికి క్వీన్స్ ఐలండ్ అనే పేరు స్థిరపడింది. 1861లో ఎడ్వర్డ్ హార్లండ్, గుస్టావ్ వుల్ఫ్ భాగస్వాములై ఏర్పరచిన ఓడల కంపెనీ ఆ దీవి మీదనే ఎదిగింది. టైటానిక్ ఓడ 1911 మే 31న నీట దిగింది అక్కడి నుంచే.

మిల్లుల కోసం పల్లెల నుంచి రెండు వర్గాలవారూ నగరానికి వచ్చారు. వచ్చినవారు విడివిడిగా స్థిరపడ్డారు. పడమటి వైపు దాదాపు సమాంతరంగా సాగే ఫాల్స్ రోడ్డు కేథలిక్కులది, షాంకిల్ రోడ్డు ప్రొటెస్టెంట్లది అయింది. లినెన్ మిల్లుల్లో శ్రామికులు అధికభాగం స్త్రీలు. వేతనం తక్కువ. యార్డు పురుషులది. అందులోనూ నైపుణ్యం గల పనులు, మంచి వేతనాలు ప్రధానంగా ప్రొటెస్టెంట్ల చేతుల్లో ఉండేవి. దీనికి లిఖిత నిబంధన అక్కరలేదు. అప్రెంటిసుగా చేరాలంటే లోపల ఒక తండ్రో మేనమామో ఉండాలి. చదువుకున్న కులాలకు తెలుగునాట ఉద్యోగాలు ఎలా దక్కుతూ వచ్చాయో ఎరిగినవారికి ఈ యంత్రాంగాన్ని వివరించనవసరం లేదు.

రాజకీయ ఉద్రిక్తత పెరిగినప్పుడల్లా యార్డు గేటు ఒక జల్లెడ అయ్యేది. 1886లో, 1912లో, అన్నిటికన్నా తీవ్రంగా 1920 జూలైలో కేథలిక్కులను యార్డుల నుంచి తరిమివేశారు. 1920లో పని కోల్పోయినవారు వేలల్లో ఉన్నారు. తరిమివేతకు గురైనవారిలో ప్రొటెస్టెంట్లు కూడా ఉండడం ఇక్కడ గమనార్హం. వారు చేసిన నేరం సోషలిస్టులో, కార్మిక సంఘ నాయకులో కావడం. కుళ్లిపోయిన ప్రొటెస్టెంట్లు అని అర్థమిచ్చే తిట్టు ఒకటి వారికోసం తయారైంది. కేవలం మతమే కారణమైతే ఈ సంఘటనకు వివరణ దొరకదు.

‘మతఘర్షణ’ అనే మన పత్రికల మాటతో నాకున్న ఇబ్బంది కూడా ఇక్కడే. ఘర్షణ అనగానే సమాన బలమున్న రెండు పక్షాలు ఒరుసుకున్నట్టు ధ్వనిస్తుంది. గేటు లోపలి నుంచి తోసేవారు, గేటు బయట పడేవారు సమానులు కారు. ‘కులఘర్షణ’ అనే మాటకూ ఇదే దోషం ఉంది.

దీనికి మరో పార్శ్వం లేకపోలేదు. 1907లో జేమ్స్ లార్కిన్ నాయకత్వంలో జరిగిన రేవు కార్మికుల సమ్మెలో, 1932 అక్టోబరులో నిరుద్యోగులు చేసిన పోరాటంలో రెండు వర్గాలూ కలిసి నడిచాయి. రెండు సందర్భాల్లోనూ ఆ ఐక్యత ఎక్కువ కాలం నిలవలేదు. సాహిత్యం ఈ సందిగ్ధ స్థలాన్ని తొందరగానే గుర్తించింది. టైటానిక్ నీట దిగిన 1911లోనే సెంట్ జాన్ ఎర్విన్ నాటకం ‘మిక్స్‌డ్ మ్యారేజ్’ డబ్లిన్‌లోని అబే థియేటర్‌లో ప్రదర్శితమైంది. బెల్‌ఫాస్ట్ సమ్మె నేపథ్యంలో నడిచే కథ అది. కొడుకు కేథలిక్కు యువతిని పెళ్లాడతాననడంతో ప్రొటెస్టెంటు తండ్రి సమ్మె ఐక్యతకే ఎదురు తిరుగుతాడు. నాటకం చివరికి కుటుంబ విషాదంగా కుంచించుకుపోతుంది గాని, మూలసూత్రాన్ని మాత్రం మొదటే పట్టుకుంది.

‘ఓవర్ ది బ్రిడ్జ్’: మంచివాడి ఓటమి

శామ్ థాంప్సన్ (1916–1965) యార్డులో రంగులు వేసే పనివాడు. పద్నాలుగేళ్ల వయసులో అప్రెంటిసుగా చేరాడు. ప్రొటెస్టెంటు, సోషలిస్టు, కార్మిక సంఘ కార్యకర్త. ఈ నాటకాన్ని అతడు అల్‌స్టర్ గ్రూప్ థియేటర్ దర్శకుడు జేమ్స్ ఎలిస్‌కు ఇచ్చాడు. 1959లో థియేటర్ బోర్డు ప్రదర్శనను నిలిపివేసింది. ప్రేక్షకులలో ఏ వర్గం మత, రాజకీయ విశ్వాసాలనూ నొప్పించే నాటకం ఆడరాదన్నది బోర్డు వాదం. ఎలిస్ రాజీనామా చేసి, కొందరు నటులతో కలిసి వేరే బృందం కట్టి, 1960 జనవరిలో ఎంపైర్ థియేటర్‌లో నాటకాన్ని ప్రదర్శించాడు. ఆరు వారాలు ఆడింది. థియేటర్ గడప తొక్కే అలవాటు లేని యార్డు కార్మికులు కూడా వచ్చి చూశారు. నొప్పి కలుగుతుందని బోర్డు ఎవరి తరఫున భయపడిందో, ఆ మనుషులే టిక్కెట్లు కొన్నారన్నమాట.

కథ సరళం. యార్డులో పేలుడు జరుగుతుంది. కేథలిక్కులు వెళ్లిపోవాలని గుంపు హెచ్చరిస్తుంది. పీటర్ ఓబాయిల్ అనే కేథలిక్కు కార్మికుడు వెళ్లనంటాడు. తన బల్ల దగ్గర తన పని చేసుకుంటానంటాడు. వృద్ధుడైన సంఘ నాయకుడు, ప్రొటెస్టెంటు అయిన డేవీ మిచెల్ అతని పక్కన నిలబడతాడు. గుంపు చేతిలో డేవీ చనిపోతాడు.

ఈ నాటకంలో సంఘర్షణ ఎక్కడ ఉందో చూడాలి. ఓబాయిల్ కోరేది విశ్వాస స్వేచ్ఛ కాదు, పనిచేసే హక్కు. గుంపు అడిగేదీ అతని మతాన్ని కాదు, అతని స్థానాన్ని. నాటకమంతా సంఘ కార్డులు, బకాయిలు, నియమాలు, కమిటీ తీర్మానాల భాషలో నడుస్తుంది. తొలి అంకంలో ఈ సంఘ వ్యవహారాలు విసుగు పుట్టించేంత దీర్ఘంగా సాగుతాయనే అభిప్రాయం ఉంది. ఆ దీర్ఘతకు ప్రయోజనం ఉందని నా అభిప్రాయం. నియమాలను అంత శ్రద్ధగా కట్టుకున్న సంస్థ, గుంపు వచ్చిన రోజున తన సభ్యుడిని కాపాడుకోలేకపోవడమే నాటక విషాదం. ఆ నియమాల బరువు తెలియని ప్రేక్షకుడికి అవి కూలినప్పుడు చప్పుడు వినపడదు.

తెలుగు పాఠకునికి ఇక్కడ ఒక మాట చిక్కు తెస్తుంది. మనకు ‘యూనియన్’ అంటే కార్మిక సంఘం. బెల్‌ఫాస్ట్‌లో ‘యూనియనిస్టు’ అంటే బ్రిటన్‌తో ఐక్యత నిలవాలని కోరేవాడు. డేవీ మిచెల్‌కు మొదటి అర్థమే జీవితం. అతన్ని చంపిన గుంపుకు రెండో అర్థం జీవితం. ఒకే పదం రెండు విధేయతలను మోస్తున్న ఊరిలో మనిషి దేనికి కట్టుబడాలో తేల్చుకోవలసి వస్తుంది. ఈ నాటకాన్ని అనువదించేవారు ‘కార్మిక సంఘం’ అని శుభ్రంగా రాసేస్తే అర్థం స్పష్టమవుతుంది, చిక్కు మాయమవుతుంది. ఆ చిక్కే నాటకం.

లోపాలు లేవనలేం. చివరి అంకంలో పాత్రలు ఉపన్యసిస్తాయి. డేవీ మిచెల్ మరీ నిష్కళంకుడు. స్త్రీ పాత్రలు యార్డు బయటే ఉండిపోతాయి. మిల్లు స్త్రీల శ్రమ మీద నిలబడిన నగరంలో ఇది చిన్న లోటు కాదు. అయినా గుంపు నాయకుడికి పేరు పెట్టకపోవడంలో థాంప్సన్ చూపిన ఒడుపు గొప్పది. ఓబాయిల్‌కు పేరుంది, ఆ పేరే అతన్ని పట్టిస్తుంది. గుంపు నాయకుడికి పేరు అవసరం లేదు. నగరం మొత్తం అతని చిరునామా.

అక్షింతలు, అక్షరాలు

యార్డు నుంచి రివెట్లు, నట్లు, బోల్టులు జేబుల్లో నింపుకొచ్చి అవతలి వర్గం మీద విసరడం 1920ల అల్లర్లలో జరిగిన పని. వాటికి ఊరు పెట్టిన పేరు ‘బెల్‌ఫాస్ట్ కన్ఫెటి’. కన్ఫెటి అంటే పెళ్లిలో వధూవరుల మీద చల్లే రంగు కాగితపు ముక్కలు. ఇనుప ముక్కలకు ఆ పేరు పెట్టడంలోని కర్కశ హాస్యం తెలుగులో ‘అక్షింతలు’ అనే మాటతో చాలావరకు అందుతుంది. అక్షింతలు వేయడమంటే తిట్టడమనే వ్యంగ్యార్థం మనకు వాడుకలోనే ఉంది. అయితే అక్షతలంటే విరగని బియ్యం. ఇక్కడ విసిరేవి పగలగొట్టేందుకు పుట్టినవి.

కీరన్ కార్సన్ (1948–2019) ఇంట్లో ఐరిష్ మాట్లాడుతూ పెరిగిన బెల్‌ఫాస్ట్ కవి. తండ్రి తపాలా బంట్రోతు. వీధుల పేర్ల మీద కార్సన్‌కున్న మక్కువకు ఇదీ ఒక కారణమై ఉండవచ్చు. ‘బెల్‌ఫాస్ట్ కన్ఫెటి’ అనే కవిత 1987 నాటి ‘ది ఐరిష్ ఫర్ నో’ సంపుటిలో ఉంది. ఆ పేరుతోనే 1989లో వచ్చిన సంపుటిలో ఆ కవిత లేదు. పరిశోధకులు ఈ రెండింటినీ కలగలిపే ప్రమాదం ఉంది.

ఆ కవితలో అల్లర్ల మధ్య చిక్కుకున్న మనిషికి గాలిలోని ఇనుప ముక్కలు విరామచిహ్నాలుగా కనిపిస్తాయి. వాక్యం పూర్తి చేయబోతే కుదరదు. పారిపోదామంటే ప్రతి సందుకూ అడ్డు. ప్రతి మలుపులో సైనికుల ప్రశ్నలు. వాక్యానికి చుక్క పెట్టలేకపోవడం, వీధి చివరికి చేరలేకపోవడం ఒకే అనుభవమవుతాయి. కవి ఇక్కడ యార్డు పేరెత్తడు. అవసరం లేదు. శీర్షికలోనే యార్డు ఉంది. థాంప్సన్ నాటకంలో చేతిపనికి సాధనమైన ఇనుము, ముప్పై ఏళ్లు తిరగకుండా భాషను ముక్కలు చేసే ఇనుమైంది. ఈ మధ్య కాలంలో నగరం ఎంత మారిందో కూడా గుర్తుంచుకోవాలి. 1969లో ఫాల్స్, షాంకిల్ ప్రాంతాల మధ్య మొదటి శాంతిగోడ వెలిసింది. 1998 ఏప్రిల్ ఒప్పందం నాటికి ఉత్తర ఐర్లండ్ ఘర్షణల్లో 3,500 మందికి పైగా మరణించారు. అదే కాలంలో యార్డులో పని తరిగిపోతూ వచ్చింది. పంచుకోవడానికి పని మిగలని చోట కూడా పంపకం మాత్రం నిలిచిపోయింది.

కార్సన్ కవితలోని బాలక్లావా, ఇంకర్‌మన్, ఒడెస్సా వంటి వీధుల పేర్లు 1853–56 నాటి క్రిమియా యుద్ధానివి. ఫాల్స్ రోడ్డు పక్కనే క్లోనార్డ్ ప్రాంతంలో మనకు మరింత దగ్గరి పేర్లున్నాయి: బాంబే స్ట్రీట్, కాన్పూర్ స్ట్రీట్, లక్నో స్ట్రీట్, కాశ్మీర్ రోడ్. మిల్లు కార్మికుల ఇళ్ల వరుసలకు సామ్రాజ్యం తన యుద్ధభూముల, రాజ్యాల పేర్లు పెట్టుకుంది. ఆ ఇళ్లలో నివసించినవారు ఆ సామ్రాజ్యాన్ని వద్దన్నవారే. 1969 ఆగస్టు 15న గుంపు తగలబెట్టినది ఆ బాంబే స్ట్రీట్‌నే. తేదీ యాదృచ్ఛికం. పేరు మాత్రం యాదృచ్ఛికం కాదు. బెల్‌ఫాస్ట్ మనకు సంబంధం లేని ఊరు అనుకునేవారికి ఈ వీధుల పటం చాలు.

పేరు లేని ఊరు

ఎదుటి మనిషి ఏ వర్గమో పేరును బట్టి, చిరునామాను బట్టి, చదివిన బడిని బట్టి, ఉచ్చారణను బట్టి పసిగట్టే అలవాటును ఫ్రాంక్ బర్టన్ అనే సామాజిక శాస్త్రవేత్త 1978 నాటి తన బెల్‌ఫాస్ట్ అధ్యయనంలో ‘టెల్లింగ్’ అన్నాడు. ‘మీ ఇంటిపేరేమిటండీ?’ అనే మన మర్యాదపూర్వకమైన ప్రశ్న చేసే పని కూడా అదే. ఆనా బర్న్స్ (జననం 1962) తన ‘మిల్క్‌మన్’ నవలలో ఈ అలవాటుకు ఎదురుదెబ్బ కొట్టింది. 2018లో బుకర్ బహుమతి పొందిన ఈ నవలలో నగరానికి పేరు లేదు. కథ చెప్పే పద్దెనిమిదేళ్ల అమ్మాయికీ లేదు. ఆమె ‘నడిపి చెల్లెలు’ మాత్రమే. నలభై ఒక్క ఏళ్ల సాయుధ దళం మనిషి ఆమె వెంటపడతాడు. ఏమీ జరగకముందే ఊరు అంతా జరిగిపోయిందని తీర్మానిస్తుంది. పిల్లలకు పెట్టకూడని పేర్ల జాబితా ఒకటి ఆ పేటలో అమల్లో ఉంటుంది. నడుస్తూ పుస్తకం చదవడమే ఆమె చేసిన తప్పు.

ఈ నవలపై చర్చ సాధారణంగా స్త్రీ అనుభవం చుట్టూ, వదంతి చుట్టూ తిరుగుతుంది. అది సబబే. నా దృష్టికి ఆనిన ఘట్టం మరొకటి. ఆమెతో స్నేహంగా ఉన్న యువకుడు కార్ల మెకానిక్కు. పనిచోట ఒక పాత బెంట్లీ కారును విడదీసినప్పుడు పనివారు చీట్లు వేసుకుని భాగాలు పంచుకుంటారు. అతనికి ఇంజను తాలూకు సూపర్‌ఛార్జర్ వస్తుంది. దాన్ని ఇంటికి తెచ్చి ముందుగదిలో పెట్టుకుని, చంటిబిడ్డను చూసుకున్నట్టు చూసుకుంటాడు. చూడవచ్చిన ఇరుగుపొరుగులో ఒకడు మెల్లగా అడుగుతాడు: ఆ కారు నీటికి అవతలి దేశంది కదా, జెండా బొమ్మ ఉన్న ముక్క ఎవరికి వచ్చింది? ఆ ముక్క అవతలి వర్గపు సహోద్యోగికి దక్కిందని చెప్పి బయటపడవలసి వస్తుంది. గదిలో లేని ఒక ముక్క, గదిలో ఉన్న ముక్కను దేశద్రోహ సాక్ష్యంగా మార్చేస్తుంది.

థాంప్సన్ నాటకంలో ఓబాయిల్ పని పోతుంది. ఇక్కడ పోయేది పని కాదు, పనిలోని ఆనందం. యంత్రాన్ని యంత్రంగా ప్రేమించే హక్కు కూడా ఆ పేటలో ఎవరికీ లేదు. రెండు వర్గాలవారూ కలిసి పనిచేసే షెడ్డు ఈ నవలలో ఎక్కడో బయట ఉంది. అది కథలోకి చిన్న అబద్ధం రూపంలోనే వస్తుంది. సంఘం, కమిటీ, తీర్మానం ఏవీ లేవు. డేవీ మిచెల్ వంటి మనిషి ఈ నవలలో ఎందుకు లేడని అడిగితే, అతన్ని తయారుచేసిన పనిచోటు లేదని జవాబు చెప్పుకోవాలి.

నీటికి అవతల, రోడ్డుకు అవతల, సరిహద్దుకు అవతల అని నవలంతా దిక్కులతోనే దేశాలను, మనుషులను గుర్తిస్తుంది. థాంప్సన్ శీర్షికలోని ‘ఓవర్’ అనే మాటే ఇక్కడ ముక్కలై పరుచుకుంది. నాటకంలో వంతెన దాటితే యార్డు, పని, కూలి. నవలలో రోడ్డు దాటితే శత్రువు. తెలుగులో ‘అవతల’ అనే మాట ఈ రెండు అర్థాలనూ మోయగలదు. ‘అవతలివాడు’ అన్నప్పుడు మనం ఉద్దేశించేది దూరాన్ని మాత్రమే కాదు.

‘మిల్క్‌మన్’ను తెలుగు చేయబూనేవారికి అసలు ఇబ్బంది వేరేచోట ఉంది. మొదటి బావ, మూడో బావ, నడిపి చెల్లెలు అని మనుషులను వరుసలతో పిలవడం ఇంగ్లీషు పాఠకునికి వింతగా, ఊపిరాడనట్టుగా ఉంటుంది. తెలుగు ఇంట్లో అది మామూలు మాట. భర్త పేరు పలకని ఇల్లాలు, పెద్దవారి పేరు నోట రానీయని పిల్లలు మనకు కొత్త కాదు. మూలంలో భయం వల్ల పేర్లు పోయాయి. మన వాడుకలో గౌరవం వల్ల పోతాయి. తెలుగు అనువాదంలో ఆ వరుసలు చదువుతుంటే ఆత్మీయమైన కుటుంబ కథలా ధ్వనించే ప్రమాదం ఉంది. వరుసలను నిండుగా ‘బావగారు’ అని రాయక, ‘బావ నంబరు మూడు’ అన్నట్టు పొడిగా, రికార్డు రాసినట్టు రాయడం ఒక మార్గం. గౌరవ బహువచనాన్ని పూర్తిగా తీసేయడం మరో మార్గం. అనువాదకులు దేన్ని ఎంచుకున్నా, ‘అక్క’, ‘బావ’ అనే మాటల్లో మనకు సహజంగా ఉన్న వెచ్చదనాన్ని మొదటి పేజీలోనే చల్లార్చవలసి ఉంటుంది.